దుబ్బు మొదట్లో చూడాలి

పైనుంచి తీసిన ఫోటోలో వరి పొలం ఎప్పుడూ అందంగానే ఉంటుంది. ఇప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరుతున్న మీకు ఆ ఫోటోలు మొదటి రోజు నుంచే చేతిలో ఉంటాయి. నాకు అవి ఉద్యోగం ఆఖరి నాలుగేళ్ళలో వచ్చాయి. అప్పటిదాకా పొలం చూడటమంటే చెప్పులు విప్పి బురదలోకి దిగడమే. నేను రిటైరయ్యాక చాలామంది ఆ డ్రోన్ పథకం గురించి నన్ను అడిగారు. దాని విజయం గురించి రెండు మూడు చోట్ల మాట్లాడాను కూడా. మాట్లాడని సంగతి ఒకటి ఉంది. అది ఇప్పుడు రాస్తున్నాను.

వ్యవసాయాధికారిణిగా నా ఉద్యోగమంతా కృష్ణా డెల్టాలోనే గడిచింది. నాతో ఎక్కువ కాలం పనిచేసిన మనిషి మా ఆఫీసులో ఫీల్డ్ అసిస్టెంటు. నాకంటే ఆరేడు నెలలు పెద్ద. అందరూ ఆయన్ని పెద్దాయన అనేవారు. నలభై ఏళ్ళప్పుడే ఆ పేరు వచ్చిందట, కారణం ఎవరికీ తెలియదు. తెల్లచొక్కా, మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటు. పొలంలో దిగేముందు చెప్పులు గట్టు మీద ఒకదాని పక్కన ఒకటి సర్దిపెట్టేవారు, గుడి బయట విడిచినట్టు.

నేను చేరిన కొత్తలో ఉయ్యూరు దగ్గర ఒక రైతుకి ఎండాకు తెగులని చెప్పి మందు రాసిచ్చాను. అది తెగులు కాదు, జింకు లోపం. పెద్దాయన ఆ రైతు ముందు ఏమీ అనలేదు. జీపు దాకా వచ్చాక, ఆ ఆకు ఇంకోసారి చూద్దామా మేడం అన్నారు. వెనక్కి వెళ్ళాం. మందు చీటీ నేనే మార్చి రాశాను. ఆ పొరపాటు గురించి ఆయన ఎక్కడా, ఎవరితోనూ ఎత్తలేదు. నేను ఇంకొకరికి చెబితే విని, అలాంటిదేదీ గుర్తులేదన్నట్టు ముఖం పెట్టేవారు.

డ్రోన్ పథకం వచ్చినప్పుడు కంకిపాడు చుట్టుపక్కల ఊళ్ళు మాకు ఇచ్చారు. డ్రోన్ కంపెనీ తరఫున ఒక ఇంజనీరు వచ్చింది, గుంటూరు అమ్మాయి. ఏది అడిగినా విసుక్కోకుండా చెప్పేది. పని వినడానికి తేలికే. డ్రోన్ ఎగిరి పొలం ఫోటోలు తీస్తుంది. కంప్యూటర్ వాటిని చూసి ఏ మడి బాగుంది, ఏ మడికి ఎరువు చాలలేదు, ఏ మడికి పురుగు పట్టింది అని చెబుతుంది. రైతు ఫోనుకి మెసేజ్ వెళుతుంది. అయితే ఆ సంగతి కంప్యూటర్‌కి ముందు ఎవరో ఒకరు నేర్పాలి. ఫోటో తీసిన రోజే ఒక మనిషి మడిలోకి దిగి, అక్కడ నిజంగా ఏముందో చూసి రాయాలి. అలా వందల మడులకు రాస్తే ఫోటోనీ ఆ రాతనీ పక్కపక్కన పెట్టుకుని అది నేర్చుకుంటుంది. మనం ఏది చెబితే అదే నేర్చుకుంటుంది మేడం, మనం తప్పు చెప్పామేమో అన్న అనుమానం దానికి రాదు అని ఆ అమ్మాయి మొదటి వారంలోనే చెప్పింది. నేను తలూపాను.

మాకు అన్నిటికంటే ముఖ్యం సుడిదోమ. మావాళ్ళు దోమపోటు అంటారు. గోధుమరంగు పురుగు, బియ్యపు గింజంత కూడా ఉండదు. ఆకు మీద కనపడదు. నీళ్ళకి కాస్త పైన, వరి దుబ్బు మొదట్లో చేరి రసం పీలుస్తుంది. మొదట్లో పైనుంచి చూస్తే చేను కొంచెం పాలిపోయినట్టుంటుంది, అంతే. నత్రజని చాలకపోయినా చేను అలాగే పాలిపోతుంది. ఏది ఏదో తెలియాలంటే వంగి, దుబ్బుని పాయదీసి, మొదట్లో చూడాలి. తెలియక యూరియా వేస్తే దోమకి విందు పెట్టినట్టే.

ఆ చూసి రాసే పని పెద్దాయనకి ఇచ్చాను. ఆయన కంటే బాగా చూసేవాళ్ళు ఈ జిల్లాలో లేరని పై అధికారులకి గొప్పగా చెప్పాను.

మొదటి ఏడాది సార్వాలో, వానాకాలం పంట మధ్యలో ఒకరోజు ఉదయం ఆయన నా గదిలోకి వచ్చి నిలబడ్డారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మేడం, నా చూపు మసకబారుతోందండీ. సుగర్ వల్లనంట. పెద్ద దోమ తెలుస్తోంది గానీ పిల్లదోమ కంటికి ఆనడం లేదు. ఈ పనికి ఇంకెవర్నన్నా వెయ్యండి."

ఆ ముందు రోజే విజయవాడలో మీటింగు జరిగింది. మిగతా మండలాల వాళ్ళకంటే మా మడుల లెక్క వెనకబడి ఉందని నలుగురిలో అనిపించుకుని వచ్చాను. ఆఫీసులో రెండు పోస్టులు ఖాళీ. నేను ఫైలు మీంచి తల పూర్తిగా ఎత్తలేదు కూడా.

"ఇప్పుడు ఎవరున్నారండీ? ఈ ఒక్క సీజనూ గట్టెక్కించండి. కళ్ళజోడు మార్పించుకోండి. తర్వాత చూద్దాం" అన్నాను.

సరేనండీ అన్నారు. అంతే. మళ్ళీ ఆయన అడగలేదు, నేనూ ఎత్తలేదు. ఆయన కళ్ళజోడు మార్చుకున్నారు. నేను దాన్ని చూసి నిశ్చింతగా ఉన్నాను. మరుసటి సార్వాకి కూడా ఆయనే చూశారు.

ఎలా చూశారో తర్వాత తెలిసింది. దుబ్బుని అరచేత్తో తట్టి, ఎగిరిన దోమలు ముంజేతికి తగిలితే ఉన్నాయని రాసేవారు. రైతు ఏం వేశాడో, పక్క చేలో ఏముందో అడిగి తెలుసుకుని రాసేవారు. ముప్పై ఏళ్ళ అనుభవం కాబట్టి ఎక్కువసార్లు సరిగ్గానే ఉండేది. రెక్కలు రాని పిల్లదోమలు మాత్రం ఎగరవు, తగలవు. అవి నిండా ఉన్న మడులకి ఆయన నత్రజని లోపమని రాశారు.

ఇక్కడ ఇంకొక మాట దాచకూడదు. రూలు ప్రకారం పదింట ఒక మడిలోకి నేను స్వయంగా దిగి సరిచూడాలి. అప్పటికి నాకు మోకాళ్ళ నొప్పులు. గట్టు మీద నిలబడి, ఆయన చెప్పింది విని సంతకం పెట్టాను. కొన్నిసార్లు గట్టు దాకా కూడా వెళ్ళలేదు. పెద్దాయన చూశాక ఇంకా నేను చూసేదేముంది అనుకున్నాను. ఆయన మీద గౌరవమే అది అని నాకు నేను చెప్పుకున్నాను. గౌరవం పేరుతో బద్ధకం ఎంత హాయిగా చెల్లుబాటవుతుందో మీరూ మీ సర్వీసులో చూస్తారు.

రెండో సీజను చివర మా పని మెచ్చుకున్నారు. నాకు జ్ఞాపిక, ఆయనకి శాలువా. శాలువా కప్పుతున్నప్పుడు ఆయన ఎటు చూడాలో తెలియనట్టు ఫోటోగ్రాఫరుకి పక్కగా చూస్తూ నిలబడ్డారు. ఆ ఫోటో చూసి అందరం నవ్వాం, ఆయనతో సహా.

మూడో సార్వాకి మెసేజులు మొదలయ్యాయి.

కంకిపాడు దాటాక ఒక ఊళ్ళో మూడెకరాలు కౌలుకి చేస్తున్న ఒకావిడ ఉండేది. నలభై ఏళ్ళుంటాయి. భర్త పోయాక కౌలు తనే కొనసాగించింది. నాట్ల నుంచి కోతల దాకా కూలీలతో పాటు తనూ దిగేది. సాంబ మసూరి వేసింది. చేను కాస్త పాలిపోతున్నట్టు ఆవిడకే అనుమానం వచ్చింది. ఇంతలో ఫోనుకి మెసేజ్ వచ్చింది, నత్రజని లోపం కనిపిస్తోంది, పైపాటుగా యూరియా వెయ్యమని. దోమేమో అని ఆవిడ పెద్దాయనకి ఫోన్ చేసింది. మెసేజ్ చెప్పినట్టే చెయ్యమ్మా, అది నాకంటే బాగా చూస్తుంది అని ఆయన చెప్పారు. అప్పటికి తన కళ్ళ మీద ఆయనకి నమ్మకం పోయింది. ఆ మిషను మీద మాత్రం నమ్మకం ఉంది.

ఆవిడ యూరియా వేసింది. రెండు వారాలు తిరక్కుండా మళ్ళీ ఫోన్ చేసింది.

పెద్దాయన, నేను, ఇంజనీరమ్మాయి కలిసి జీపులో వెళ్ళాం. గట్టు మీంచే తెలిసిపోయింది. పచ్చని చేలో గుండ్రంగా, సుడులు సుడులుగా ఎండిపోయి ఉంది, మరిగే నీళ్ళు కుమ్మరించినట్టు. పొట్ట మీద, వెన్ను తీయబోతున్న చేను. గాలి వీస్తే ఆ ఎండిన చోట గరగరమని చప్పుడు. కుళ్ళిన గడ్డి వాసన వచ్చింది. ఆవిడ చీర దోపుకుని ముందుగా చేలోకి దిగింది. వెనకాల పెద్దాయన చెప్పులు సర్దిపెట్టి దిగారు. నేను కూడా ఆరోజు దిగాను.

ఎండిన సుడి అంచున ఇంకా పచ్చగా ఉన్న దుబ్బొకటి ఆవిడ రెండు చేతులతో పాయదీసి పట్టుకుంది. మూడడుగుల దూరంలో ఉన్న నాకు కనపడుతున్నాయి. దుబ్బు మొదలంతా గోధుమరంగు పొడి చల్లినట్టుంది. నీళ్ళ మీద కూడా తేలుతున్నాయి.

పెద్దాయన వంగారు. ముఖం బాగా దగ్గరగా పెట్టారు. చేత్తో మొదలు తడిమారు. చాలాసేపు చూశారు.

"ఇక్కడ లేవమ్మా. ఇంకో దుబ్బు చూద్దాం" అన్నారు.

ఆవిడ నా వైపు చూసింది. తర్వాత ఆయనతో మెల్లగా అంది, "మీ చొక్కా చేతి మీదే ఉన్నాయండీ."

తెల్లచొక్కా మోచేతి దాకా చుక్కలు చుక్కలుగా పాకుతున్నాయి. ఆయన చెయ్యి ఎత్తి, తిప్పి, కళ్ళ దగ్గరకి తెచ్చుకుని చూసుకున్నారు. ఆయనకి కనపడలేదని మాకు ముగ్గురికీ అర్థమైంది. ఆ సంగతి మాకు తెలిసిపోయిందని ఆయనకీ అర్థమైంది. చెయ్యి దించి, దులుపుకోకుండా అలాగే నిలబడ్డారు.

"నీకు యూరియా వెయ్యమని చెప్పింది నేనే కదమ్మా" అన్నారు.

ఆవిడ దుబ్బు వదిలేసింది.

ఆ మధ్యాహ్నమే మందు కొట్టించాం. మూడెకరాల్లో అర ఎకరం కూడా చేతికి రాలేదు. తర్వాతి ఏడాది భూమిగలాయన ఆ కౌలు ఇంకొకరికి ఇచ్చాడు.

ఆఫీసుకి వచ్చాక ఇంజనీరమ్మాయి పాత ఫోటోలన్నీ తిరగేసింది. పాలిపోయిన మడులు, వాటి పక్కన నత్రజని లోపమని రాత. తర్వాతి నెల ఫోటోల్లో అవే మడుల్లో సుడులు. ఒకటి కాదు, రెండు సీజన్లలోనూ ఉన్నాయి. అప్పట్లో మెసేజులు లేవు కాబట్టి రైతులు తమంతట తామే చూసుకుని మందు కొట్టుకున్నారు, ఎక్కువ నష్టం జరగలేదు. ఆయన కంటికి ఆననివన్నీ ఆ మిషను కంటికీ ఆనలేదు. ప్రతి రాత కిందా ఆయన సంతకం, పదింట ఒకదాని కింద నాది.

"మీకు ముందు అనుమానం రాలేదా మేడం?" అని ఆ అమ్మాయి అడిగింది.

రాలేదన్నాను. ఆ అబద్ధం చెప్పడానికి నాకు క్షణం కూడా పట్టలేదు.

విజయవాడలో విచారణ జరిగింది. విచారణ అంటే పెద్దగా ఊహించుకోకండి. పొడుగాటి బల్ల, ముగ్గురు అధికారులు, టీ, బిస్కెట్లు. ఎవరూ గొంతు పెంచలేదు. పెద్దాయన్ని పిలిచి అన్నీ మర్యాదగానే అడిగారు. నేను ఆయన పక్క కుర్చీలో ఉన్నాను. ఆయన ఎలా రాసేవారో దాచకుండా చెప్పారు. ఆఖర్న వాళ్ళలో ఒకాయన అడిగారు, చూపు తగ్గిన సంగతి మీ పై అధికారికి తెలియజేశారా అని.

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. ముందురోజంతా దానికి జవాబు తయారు చేసుకున్నాను. చెప్పారు, పని ఒత్తిడిలో నేను శ్రద్ధ పెట్టలేకపోయాను అని ఒప్పుకుందామనే వెళ్ళాను. ఇంకో పధ్నాలుగు నెలల్లో రిటైర్మెంటు. ఛార్జి మెమో వస్తే ఏమవుతుందో కూడా ఆలోచించాను. ఆయన అవునంటే నేనూ అవునందామని చూస్తున్నాను.

పెద్దాయన నా వైపు తిరగలేదు. "లేదండీ. ఎవరికీ చెప్పలేదండీ" అన్నారు.

ఆ అధికారి నన్ను చూశారు. ఆ ఒక్క నిమిషం నాది. నేను నా ముందున్న కాగితం చూస్తూ కూర్చున్నాను. ఆయన తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయారు.

బయటికి వచ్చి బస్సు కోసం నిలబడ్డాం. వచ్చే బస్సు నంబరు నేనే చూసి చెప్పాలి. ఎందుకలా అన్నారని అడిగాను.

"ఇద్దరం ఎందుకండీ? నేనెలాగూ దిగిపోయేవాణ్ణే" అన్నారు.

వన్ టౌన్ బస్సు వచ్చింది. చెయ్యి పట్టుకుని ఎక్కించాను. థ్యాంక్సండీ అని ఆయనే అన్నారు.

రిపోర్టులో ఒక వాక్యం రాశారు, క్షేత్రసిబ్బంది ఒకరు తన దృష్టిలోపాన్ని పై అధికారుల నుంచి దాచిపెట్టడం వల్ల ఈ పొరపాటు జరిగిందని. దాని కింద నేనూ సంతకం పెట్టాను. ఆయన్ని విత్తనాల గోడౌన్‌లో రిజిస్టరు దగ్గర కూర్చోబెట్టారు. ఆయన చదవలేని రిజిస్టరు అది. అక్కడి వాచ్‌మన్ చదివి చెబితే ఆయన సంతకం పెట్టేవారు. ఇంజనీరమ్మాయి ఒక సీజనంతా తనే బురదలో దిగి మళ్ళీ అన్నీ రాయించింది. ఇప్పుడా మిషను బాగానే పనిచేస్తోంది. ఆ మాటా చెప్పాలి. మంచి పనిముట్టు అది. నేను దాని మీద నేరం మోపడం లేదు.

పెద్దాయన కళ్ళకి లేజరు చేయించారు గానీ ఆలస్యమైపోయిందన్నారు. ఏడాది ముందు వచ్చి ఉంటే కొంత చూపు నిలిచేదని డాక్టరు అన్నాడట. మొదటి సార్వా మధ్యలో నేను సెలవిచ్చి పంపి ఉంటే ఏమయ్యేదో లెక్కవేయడం నేను చాలాకాలం మానలేకపోయాను. రిటైరైన రెండో ఏడు ఆయన పోయారు. కబురు తెలిసి వెళ్ళాను. ఆయన భార్య పక్కన గంటసేపు కూర్చుని, చెయ్యి పట్టుకుని, అంత మంచి మనిషి లేడని చెప్పాను. ఆవిడ వింటూ కూర్చున్నారు.

పోయిన ఏడాది ఏలూరులో పెళ్ళికి వెళ్ళి వస్తుంటే హనుమాన్ జంక్షన్‌లో బస్సు ఆగింది. రోడ్డు పక్క టిఫిన్ బండి దగ్గర అట్లు వేస్తున్నావిడ నన్ను చూసి తల ఊపింది. గుర్తుపట్టడానికి నాకు కొంచెం టైం పట్టింది. ఆ మూడెకరాల కౌలు చేసినావిడే. కూర్చోమని స్టూలు చూపించింది. కౌలు పోయాక చుట్టాలున్న ఈ ఊరికి వచ్చేసిందట. పెద్దాయన పోయిన సంగతి ఆవిడకి తెలుసు.

ఆయన మూడుసార్లు తన ఊరికి వచ్చారని చెప్పింది. ఒక్కరే, బస్సుల నంబర్లు దారినపోయేవాళ్ళని అడుగుతూ వచ్చారట. వచ్చి అరుగు మీద కూర్చుని, తప్పు నాదమ్మా అని చెప్పి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయేవారట. నేను ఆ ఊరికి మళ్ళీ వెళ్ళలేదు. ఆ మాట ఆవిడ అనలేదు, అనవలసిన అవసరం లేదు.

"మా మేడం గారికేం తెలియదమ్మా అని ప్రతిసారీ చెప్పేవారండీ. నేనడక్కపోయినా చెప్పేవారు" అంది. తర్వాత అట్టు తిరగేస్తూ అడిగింది, "మీకు తెలుసాండీ?"

"తెలుసమ్మా. ముందే నాకు చెప్పారు. నేనే పట్టించుకోలేదు" అన్నాను.

బస్సు కండక్టరు పిలుస్తున్నాడు. ఆవిడ అట్టు తీసి ఎవరికో ప్లేటులో వేసి, చట్నీ పోసి ఇచ్చింది. నా ముఖం చూడకుండానే అడిగింది, "వాళ్ళావిడకి చెప్పారాండీ?"

లేదన్నాను.

"చెప్పండి మరి."

మర్నాడు వన్ టౌన్‌లో పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ఉల్లిపాయల గోడౌన్ పైన రెండు గదుల వాటా. మెట్ల మీద మూటలు దింపుతున్నారు, వాళ్ళు తప్పుకునేదాకా ఆగి ఎక్కాను. ఆయన భార్య వీధిలోని బట్టల కొట్టు నుంచి తెచ్చిన చీరలకి ఫాల్ కుడుతున్నారు. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, మళ్ళీ కుట్టు పట్టుకున్నారు. నేను దారిపొడుగునా అనుకున్నదేమీ గుర్తురాలేదు. ఆయన నాకు ముందే చెప్పారు, విచారణలో నన్ను కాపాడటానికి అబద్ధమాడారు, నేను నోరు విప్పలేదు అని మూడు ముక్కల్లో చెప్పేశాను.

"తెలుసమ్మా" అన్నారావిడ. సూది ఆపలేదు. "మీకు చెప్పి రమ్మని ఆ పొద్దున పోరి పంపింది నేనే. సాయంత్రం వచ్చి, మేడం ఈ సీజను చూడమన్నారు, కళ్ళజోడు మార్పించుకోమన్నారు అని చెప్పారు."

"మరి నాతో ఒక్కసారైనా అనలేదేమండీ?"

"ఆయనున్నన్నాళ్ళూ అననివ్వలేదు." కుట్టు చివరికి వచ్చింది. ముడి వేసి, దారం కొరికారు. "పోయినరోజు మీరొచ్చి నా పక్కన కూర్చున్నారు కదా. అప్పుడు చెబుతారనుకున్నాను."

ఆ చీర మడతపెట్టి పక్కన పెట్టి, ఇంకొకటి ఒళ్ళోకి తీసుకున్నారు. నన్ను వెళ్ళమనలేదు, ఉండమనీ అనలేదు. నేను ఇంకా చాలాసేపు అక్కడే కూర్చున్నాను.